చుక్కలు పోయాయని మందు ఆపేశారు, అక్కడే వచ్చింది చిక్కు

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ముందు చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. పర్లాకిమిడిలో మీ ఇంట్లో రెండడుగుల చేపల ట్యాంకు. రెండు ఏంజెల్, మూడు మోలీ, రెండు గోల్డ్‌ఫిష్, ఒక సక్కర్. డిసెంబరు చివర్లో ఆ రెండో ఏంజెల్‌ని కొని తెచ్చి నేరుగా అందులో వదిలారు. ఐదో రోజుకి దాని రెక్కల మీద తెల్లచుక్కలు. షాపులో ఇచ్చిన నీలం మందు పది చుక్కలు వేస్తే మూడో రోజుకి మచ్చ లేదు, ఆపేశారు. ఇంకో నాలుగు రోజులకి అన్ని చేపలకీ పట్టింది. కంగారుపడి ట్యాంకు ఖాళీ చేసి, రాళ్లు, ఫిల్టరు స్పాంజి సబ్బుపొడితో కడిగి, కొత్త నీళ్లు పోసి, ఎవరో చెప్పారని టెట్రాసైక్లిన్ క్యాప్సూల్ విప్పి కలిపారు. ఒక మోలీ పోయింది. మిగతావి పైకొచ్చి గాలి మింగుతున్నాయి. పాప సరిగ్గా అన్నం తినడం లేదు.

బరంపురంలో ఇరవై రెండేళ్లుగా చిన్న అక్వేరియం షాపు నడుపుతున్నాను. చలికాలం వస్తే వారానికి నలుగురైనా ఇదే కథ చెప్తారు. కాబట్టి మీరేదో ఘోరం చేశారని బాధపడకండి.

ముందు ఈ రాత్రి పని. చేపలు గాలి మింగుతున్నది ఒక్క చుక్కల వల్లే కాదు. ఆ జబ్బు మొప్పల్లోకీ వెళ్తుంది, నిజమే. కానీ స్పాంజిని సబ్బుపొడితో కడిగిన రోజే ఫిల్టరులో ఉండే మంచి బ్యాక్టీరియా కూడా పోయింది. చేపల నుంచి వచ్చే అమ్మోనియాని నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చేది ఆ బ్యాక్టీరియానే. ఇప్పుడు ఆ పని చేసేవాళ్లు లేరు. దానికి తోడు సబ్బు మిగిలి ఉంటే అది మొప్పల్ని దెబ్బతీస్తుంది. అందుకని స్పాంజి, రాళ్లు బయటికి తీసి నురగ రానంతవరకూ మామూలు నీళ్లతో పిండి కడగండి. ట్యాంకులో మూడో వంతు నీళ్లు మార్చండి. పోసే నీళ్లు ట్యాంకు నీళ్లంత వెచ్చగా ఉండాలి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోవడానికి ఒక రోజు నిలవ ఉంచినవి, బోరు నీళ్లయితే కొన్ని గంటలు గాలి కొట్టినవి వాడండి. గాలి మోటారు ఆపొద్దు. మేత రెండు రోజులు బంద్. రెండు రోజులు తినకపోతే చేప చావదని పాపకి చెప్పండి, పాప మాత్రం తినాలి.

క్యాప్సూల్ సంగతి ఒక్క ముక్క. టెట్రాసైక్లిన్ బ్యాక్టీరియా మందు. మీ చేపలకి పట్టింది బ్యాక్టీరియా కాదు. ఇంకోటి వేయకండి.

ఇక అసలు జబ్బు. షాపుకొచ్చే తెలుగువాళ్లు ఉప్మారవ్వ చల్లినట్టుంది అంటారు, ఒడియావాళ్లు ధళా దాగ అంటారు. దీన్ని కలిగించేది ఒకే కణం ఉన్న పరాన్నజీవి, ఇక్తియోఫ్తీరియస్ మల్టిఫిలిస్. చేపలు పెంచేవాళ్లు పొట్టిగా ఇక్ అంటారు. 1876లో ఫూకే అనే ఫ్రెంచి ఆయన దీన్ని వర్ణించి ఆ పేరు పెట్టాడు. పేరులో మొదటి మాటకి చేప పేను అని అర్థం, రెండోదానికి బోలెడంత సంతానం అని. ఆ రెండో మాట గుర్తుంటే మందు ఎందుకు ఓడిపోయిందో తెలుస్తుంది.

మీకు కనిపించే తెల్లచుక్క చేప చర్మం మీద లేదు. పైపొర కింద దూరి, చేప కణజాలాన్ని తింటూ లావెక్కుతోంది. పైన చర్మం, జిగురు ఉన్నాయి కాబట్టి నీళ్లలో పోసిన మందు దానికి తగలదు. అది ఒక మిల్లీమీటరు దాకా పెరిగి, చర్మం చీల్చుకుని బయటపడి అడుక్కి దిగుతుంది. రాయికో, అద్దానికో అంటుకుని చుట్టూ జిగురు గూడు కట్టుకుంటుంది. ఆ గూట్లోకీ మందు సరిగ్గా వెళ్లదు. లోపల అది రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా విడిపోతూ కొన్ని వందలవుతుంది, ఒక్కోసారి వెయ్యి. అవన్నీ బయటికొచ్చి చేప కోసం ఈదుతాయి. రెండు రోజుల్లోపు చేప దొరక్కపోతే చాలావరకు చస్తాయి. మందుకి చిక్కేది ముఖ్యంగా ఈ ఈదే దశలోనే.

అంటే మూడో రోజు చుక్కలు మాయమైంది మందు వల్ల కాదమ్మా. అవి తిని, పెరిగి, వాటంతట అవే దిగిపోయాయి. మీరు హమ్మయ్య అనుకుని మందు ఆపిన రోజు అడుగున రాళ్ల మీద పిల్లలు తయారవుతున్నాయి. మనం వైద్యం చేయాల్సింది చేపకి కాదు, నీళ్లకి. లెక్కపెట్టాల్సింది చుక్కల్ని కాదు, రోజుల్ని.

ఆ రోజుల లెక్క నీటి వేడిని బట్టి మారుతుంది. 25, 26 డిగ్రీల దగ్గర ఈ చక్రం నాలుగు నుంచి ఏడు రోజుల్లో తిరుగుతుంది. చల్లబడేకొద్దీ సాగుతుంది, 10 డిగ్రీల దగ్గర నెల దాటుతుంది. మా షాపులో హీటరు పెట్టని తొట్టిలో జనవరి తెల్లవారుజామున 19, 20 చూపిస్తుంది. కొండల పక్కన ఉన్నారు, మీకు ఇంకా తక్కువే ఉంటుంది. అంత చలిలో ఏంజెల్ నీరసపడి జబ్బుకి తేలిగ్గా లొంగిపోతుంది, జబ్బేమో నిదానంగా వారాల తరబడి నడుస్తుంది. వారం రోజులు మందు వేసినా సరిపోలేదు అనేవాళ్లలో చాలామంది హీటరు లేనివాళ్లే.

మీరు హైస్కూల్లో సైన్స్ చెప్తానన్నారు కాబట్టి ఒక మాట. మందుకి ముందు స్కూలు మైక్రోస్కోపు వాడుకోండి, ఈ అదృష్టం నా కస్టమర్లలో ఎవరికీ లేదు. చేయి తడి చేసుకుని చేపని మెత్తగా పట్టుకుని, చుక్కలున్న చోట తల నుంచి తోక వైపు కవర్‌స్లిప్ అంచుతో ఒక్కసారి తేలిగ్గా గీయండి. అంచుకి అంటిన జిగురుని స్లైడు మీద ఒక బొట్టు ట్యాంకు నీళ్లలో పెట్టి, పది రెట్ల లెన్సులో చూడండి. అంతా పది సెకన్లలో అయిపోవాలి, చేప వెంటనే నీళ్లలోకి వెళ్లిపోవాలి. గాలి మింగుతున్న చేపని మాత్రం ముట్టుకోవద్దు, కాస్త బలంగా ఉన్నదాన్ని తీసుకోండి. ఇక్ అయితే ముదురురంగు గుండ్రటి బంతి చుట్టూ సన్నటి నూగుతో నెమ్మదిగా దొర్లుతూ కనిపిస్తుంది, పెద్దవాటిలో గుర్రపు లాడం ఆకారంలో కేంద్రకం ఉంటుంది. అది కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. అలా కాకుండా సాసరు లాంటిది లోపల పళ్లచక్రంతో గిరగిరా తిరుగుతుంటే అది ట్రైకోడైనా అనే ఇంకో ఏకకణ జీవి. జలగలా సాగుతూ ముడుచుకుంటూ, ఒక చివర కొక్కేలతో ఉంటే ఫ్లూక్ అనే సన్నటి పురుగు. నేను మొదటిసారి చూసింది ఒక డాక్టరు గారబ్బాయి తెచ్చిన మైక్రోస్కోపులో. అప్పటికి పదేళ్లుగా మందులు అమ్ముతున్నాను! సగం సార్లు ఫ్లూక్‌కి ఇక్ మందు ఇచ్చి ఉంటానని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు మోతాదు. పది చుక్కలు అన్నారు, ఎన్ని లీటర్లకి? రెండడుగుల ట్యాంకు అనగానే అందరూ అరవై లీటర్లు అంటారు. టేపు తీసుకుని నీళ్లు ఉన్నంతవరకే కొలవండి. పొడవు 60, వెడల్పు 30, నీటి ఎత్తు 25 సెంటీమీటర్లు అనుకుందాం. మూడూ గుణించి వెయ్యితో భాగిస్తే 45. రాళ్లు, బొమ్మలు ఆక్రమించింది తీసేస్తే 40 లీటర్లు. మీ కొలత వేరే వస్తే కింద నేను చెప్పే లెక్కలన్నీ ఆ ప్రకారం మార్చుకోండి.

మీ పరిస్థితిలో నేనైతే రంగు మందు జోలికి ఇప్పుడే వెళ్లను. మొప్పలు దెబ్బతిన్న చేపలకి ఉప్పు, వేడి నయం. లీటరుకి 2 గ్రాముల చొప్పున 40 లీటర్లకి 80 గ్రాములు. మన గంజాంలో హుమ్మా ఉప్పుమళ్ల నుంచి వచ్చే కల్లుప్పు బాగానే పనిచేస్తుంది, అయోడిన్ ఉప్పు తప్ప ఇంట్లో లేకపోయినా ఈ మోతాదులో ఇబ్బంది లేదు. మొత్తం ఒకేసారి వేయకండి. ఇరవై గ్రాములు మగ్గులో పూర్తిగా కరిగించి పోయండి, పన్నెండు గంటలకి మళ్లీ ఇరవై, అలా నాలుగు సార్లు. ఉప్పు గళ్లు అడుగున పడితే సక్కర్ పొట్ట కాలుతుంది. అది బాగా అల్లాడితే సగం మోతాదు దగ్గరే ఆపేయండి. ట్యాంకులో మొక్కలుంటే కొన్ని వాడిపోతాయి, దానికి చేసేదేం లేదు. ఈ ఉప్పు వల్ల ఇంకో లాభం ఉంది. ఫిల్టరు పోయిన ట్యాంకులో నైట్రైటు పెరుగుతుంది కదా, అది మొప్పల గుండా రక్తంలోకి వెళ్లకుండా ఉప్పులోని క్లోరైడు అడ్డుపడుతుంది.

హీటరు కొనండి, ఈ ట్యాంకుకి 75 లేదా 100 వాట్లు చాలు. దాంతోపాటు విడిగా థర్మామీటరు కూడా తీసుకోండి, హీటరు మీద రాసిన అంకెని నమ్మకండి. గంటకి ఒక డిగ్రీ మించకుండా పెంచుతూ 29, 30 దగ్గర ఆపండి. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది. 25 డిగ్రీల్లో లీటరుకి 8 మిల్లీగ్రాముల పైన పట్టేది 30లో ఏడున్నరకి దిగుతుంది. గాలి మోటారు ఆపొద్దన్నది అందుకే. గోల్డ్‌ఫిష్ చల్లటి నీటి చేప, ఈ వేడి దానికి కొన్నాళ్లు కష్టమే, అయినా గాలి బాగుంటే తట్టుకుంటుంది. అది తెగ ఒగురుస్తుంటే 28 చాలు. హీటరు ప్లగ్గు పీకకుండా నీళ్లలో చేయి పెట్టొద్దు, పీకిన వెంటనే గాజు హీటరుని గాలిలోకి తీయొద్దు.

రోజూ సైఫన్ పైపుతో అడుగున రాళ్ల మధ్య నుంచి పది లీటర్లు లాగేయండి. నీళ్లు మార్చడం ఒక్కటే కాదు దీని ప్రయోజనం, గూళ్లు కట్టుకున్నవి కూడా వాటితో పోతాయి. పది లీటర్లతో ఇరవై గ్రాముల ఉప్పు కూడా పోతుంది కాబట్టి కొత్త నీళ్లలో ఆ ఇరవై కలిపి పోయండి. ఇలా కనీసం రెండు వారాలు. చివరి చుక్క మాయమయ్యాక కూడా నిండా ఒక వారం. మొదటి రెండు మూడు రోజులు చుక్కలు పెరిగినట్టు కనిపిస్తాయి, వేడికి లోపల ఉన్నవి త్వరగా లావెక్కడం వల్ల. అప్పుడు టెన్షన్ పడి ఇంకో మందు కలపొద్దు.

ఐదారు రోజులైనా చుక్కలు తగ్గకపోతే, కొత్తవి వస్తూనే ఉంటే, అప్పుడు మలకైట్ గ్రీన్ అనే రంగు మందు. 30 డిగ్రీలకీ లొంగని ఇక్ రకాలున్నాయి, అలాంటివి తగులుతుంటాయి. రెడీమేడ్ సీసా కొని దాని మీద రాసిన మోతాదే వేయండి, సక్కర్ ఉంది కాబట్టి అందులో సగం. ప్రతి మూడో రోజు, ముందు పావు వంతు నీళ్లు మార్చి. కార్బన్ ఉంటే ఫిల్టరులోంచి తీసేయాలి, లేకపోతే మందంతా అదే పీల్చేస్తుంది. వెలుతురుకి మందు చెడిపోతుంది, లైటు ఆర్పేయండి. పొడి మలకైట్ కొని ఇంట్లో కలుపుకోవడం వద్దు, మిల్లీగ్రాముల్లో తూచే త్రాసు మన ఇళ్లలో ఉండదు. చేతికి తొడుగు వేసుకోండి, పాపని దూరంగా ఉంచండి. ఇది మంచి రసాయనం కాదు, తినే చేపలకి దీన్ని నిషేధించారు. మీకిచ్చిన నీలం సీసా మిథిలీన్ బ్లూ అయి ఉండాలి. గుడ్లకి బూజు పట్టకుండా అది బాగుంటుంది, ఇక్ మీద దాని బలం తక్కువ, పైగా ఫిల్టరు బ్యాక్టీరియాని చంపుతుంది.

కొందరు ఫార్మలిన్ చెప్తారు. పని చేస్తుంది, కాదనను. కానీ నీళ్లలో ఆక్సిజన్ని తగ్గిస్తుంది, సీసా అడుగున తెల్లటి మడ్డి చేరి ఉంటే అది విషం. గాలి మింగుతున్న చేపలకి ఇప్పుడు అసలు వద్దు.

వేపాకు కషాయం, పసుపు, వెల్లుల్లి అడిగారు. వేపలో పురుగుల మీద పనిచేసే గుణం ఉంది, కానీ మీ ఇంటి కషాయంలో అది ఎంతుందో ఎవరు కొలుస్తారు? పసుపుతో నీళ్లు మురికవుతాయి, అంతే. ఎండిన బాదం ఆకు ఒకటి వేసుకుంటే వేసుకోండి, నష్టం లేదు, ఇక్ మాత్రం చావదు. ఇంకొకరు మీకు సిఫాక్స్ తెచ్చుకోమన్నారట. అది మన భువనేశ్వర్ పక్కన కౌసల్యాగంగలో ఉన్న కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ తయారు చేసిన మందే, మంచిదే. కాకపోతే అది చెరువు చేపల ఒంటి మీద ఎర్రగా పుండ్లు పడే జబ్బుకి. తలనొప్పికి కాలికట్టు అవుతుంది.

నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. షాపు పెట్టిన రెండో చలికాలం, హౌరా నుంచి రైల్లో వచ్చిన సంచుల్లో ఏంజెల్ పిల్లలు చాలా అందంగా ఉన్నాయి. ఆదివారం జనం వస్తారని సంచి తెరిచి నేరుగా ముందు వరస ట్యాంకులోకి వదిలాను. మూడో రోజు చుక్కలు కనిపించగానే ఆ ఒక్క ట్యాంకుకీ శ్రద్ధగా మందు వేశాను. కానీ చేపలు పట్టే నెట్ ఒకటే. ఆ తడి నెట్‌తోనే పక్క ట్యాంకులో గప్పీలు పట్టి అమ్మాను, ఆ పక్కన టెట్రాలు పట్టాను. పది రోజుల్లో తొమ్మిది ట్యాంకులూ రవ్వ. ఈదే పిల్లలకి ఒక్క నీటి బొట్టు చాలు. ఇప్పుడు ప్రతి ట్యాంకుకీ దాని నెట్ దాని మేకుకే వేలాడుతుంది, పూర్తిగా ఎండాకే మళ్లీ వాడతాం. మీకు ఒకటే ట్యాంకు కాబట్టి ఈ బాధ లేదు, కానీ పక్కింటి వాళ్లకి నెట్, సైఫన్ పైపు అరువివ్వకండి.

మీరు అడగని జబ్బులు కూడా రెండు మాటల్లో చెప్పేస్తాను, ఎందుకంటే అన్నిటికీ ఒకే సీసా పోసే అలవాటు మన దగ్గర ఎక్కువ. చుక్కలు లేవు, చేప రాళ్లకి ఒళ్లు రుద్దుకుంటోంది, ఒక మొప్ప మూసుకుని ఉంటోంది అంటే ఫ్లూక్ అని అనుమానించండి. దానికి ప్రాజిక్వాంటెల్, లీటరుకి రెండున్నర మిల్లీగ్రాములు. అంటే మీ ట్యాంకుకి 600 మిల్లీగ్రాముల మాత్రలో ఆరో వంతు, మెత్తగా నూరి కొంచెం నీళ్లలో బాగా గిలక్కొట్టి పోయాలి. మొప్పల ఫ్లూక్ గుడ్లు పెడుతుంది, గుడ్డుకి మందు అంటదు, కాబట్టి వారం తర్వాత మళ్లీ వేయాలి. టార్చి వేసి పక్క నుంచి చూస్తే ఒంటి మీద బంగారు పొడి చల్లినట్టుంటే అది వెల్వెట్ జబ్బు. దాన్ని తెచ్చే జీవిలో మొక్కల్లాంటి పచ్చదనం ఉంటుంది, వెలుతురు మీద కొంత బతుకుతుంది, అందుకని మందుతోపాటు ట్యాంకు చుట్టూ దుప్పటి కప్పాలి. మోలీ, గప్పీల మలద్వారం దగ్గర ఎర్రటి సన్నటి దారాలు బయటికి పొడుచుకొస్తే కమలానస్ పురుగు. దానికి లెవామిసోల్, లీటరుకి 2 మిల్లీగ్రాములు, చీకట్లో ఒక రోజు. పురుగులు చావవు, పట్టు తప్పి జారిపోతాయంతే. కాబట్టి మర్నాడు అడుగంతా సైఫన్ చేసి సగం నీళ్లు మార్చాలి, మూడు వారాలకి మళ్లీ ఒకసారి. ఏంజెల్ చిక్కిపోతూ తెల్లటి దారంలా విసర్జిస్తుంటే పేగుల్లో ఉండే వేరే ఏకకణ జీవులు కారణం కావచ్చు. దానికి మెట్రోనిడజోల్, 400 మిల్లీగ్రాముల మాత్ర 60 లీటర్లకి, రోజు విడిచి రోజు మూడు సార్లు. ఈ మాత్రలు తెచ్చేముందు దగ్గర్లో పశువుల డాక్టరుంటే ఒక మాట అడగండి. రెండు మందులు ఒకేసారి మాత్రం ఎప్పుడూ వద్దు.

ఇక మీ పాప అడిగింది. మహేంద్రతనయ నదిలో చున్నీతో పట్టిన చిన్న చేపపిల్లల్ని ట్యాంకులో వేయొచ్చా అని. ఈ రెండు వారాలు ఏదీ వేయకూడదు. తర్వాతైనా నేరుగా వద్దు. వాగు చేపలతో ముఖ్యంగా రెండు వస్తాయి. ఒకటి అసలైన చేప పేను, అర్గులస్, ఇది ఇక్ కాదు. మసూర పప్పులో సగమంత బల్లపరుపుగా ఉండి ఒంటి మీద పాకుతుంది, కొల్లేరు వైపు చెరువుల రైతులకి దీని సంగతి బాగా తెలుసు. రెండోది లంగరు పురుగు, లెర్నియా. తెల్లటి పుల్లలా ఒంట్లోంచి పొడుచుకొచ్చి, చివర రెండుగా చీలి ఉంటుంది, ఆ రెండూ గుడ్ల సంచులు. రెండిటినీ పట్టకారుతో తీయొచ్చు. పేను తేలిగ్గా వస్తుంది. లంగరు పురుగుని మాత్రం చర్మానికి ఆనుకుని పట్టుకుని నిదానంగా లాగాలి, తల లోపల తెగిపోతే పుండవుతుంది. చెరువుల్లో పేనుకి వాడే పురుగుమందు తెచ్చి ట్యాంకులో ఒక్క చుక్క కూడా వేయొద్దు.

పాపకి ఒక ప్లాస్టిక్ టబ్బు, ఒక స్పాంజి ఫిల్టరు కొనివ్వండి. కొత్త చేప ఎక్కడి నుంచి వచ్చినా, నా షాపు నుంచి తెచ్చినా సరే, అందులో నాలుగు వారాలు ఉండాలి. షాపులో శుభ్రంగా కనిపించింది కదా అనుకోవద్దు. ఇక్ వచ్చి బతికిన చేపకి కొంత రోగనిరోధకశక్తి వస్తుంది, దాని మీద చుక్క కనిపించదు, పక్కన ఉన్న కొత్త చేపకి మాత్రం అంటుతుంది. మీ ట్యాంకులో ఇప్పుడు బతికినవి కూడా అలాంటివే అవుతాయి, ఆ సంగతి గుర్తుంచుకోండి.

రెండు వారాలయ్యాక ఉప్పు వేయడం ఆపేస్తే చాలు, నీళ్లు మార్చే కొద్దీ అదే పలచబడుతుంది. హీటరు రోజుకి ఒక డిగ్రీ తగ్గిస్తూ 26 దగ్గర పెట్టండి. ఎప్పటికైనా గోల్డ్‌ఫిష్‌కి వేరే ట్యాంకు కావాలి, దానికీ ఏంజెల్‌కీ ఒకే నీళ్లు పడవు. అది మరోసారి మాట్లాడుకుందాం.

అన్నట్టు, చలి తగ్గాక మీ గోల్డ్‌ఫిష్‌లో ఒకదానికి మొప్ప మూత మీదా, ముందు రెక్కల మొదటి పుల్ల మీదా వరసగా తెల్లటి గింజలు కనిపించొచ్చు. ఒంటి మీద ఇంకెక్కడా ఉండవు, హుషారుగా రెండోదాని వెంట పడుతుంటుంది. అది మగది, జత కట్టే కాలం వచ్చింది. అప్పుడు ఉప్పు డబ్బా తీయకండి.